చేసింది ఒక వైపు, మీద పడింది ఒక వైపు: యేసు దగ్గర విడుదల వెతుక్కునేవాళ్లకు ఒక దారి

గుంటూరులో ఏ ఉపవాస కూడికకు వెళ్లినా చివర్లో పాస్టర్ అయ్యగారి ముందు ఒక వరుస కడుతుంది. తాగుడు మానలేనివాడు, ఆన్‌లైన్ బెట్టింగులో ఇల్లు గుల్ల చేసుకున్నవాడు, కూతురికి సంబంధం కుదరని తల్లి, మిర్చికి రేటు రాక మునిగిన కౌలురైతు, మోకాళ్ల నొప్పుల మామ్మ, అందరిదీ ఒకటే వరుస. అందరి తల మీదా అదే చెయ్యి, అదే ప్రార్థన: "ప్రభువా, ఈ బిడ్డను బంధకాల నుంచి విడిపించు." ప్రార్థనలో తప్పేమీ లేదు. కానీ ఇంటికెళ్లాక వాళ్లు చేయాల్సిన పనులు వేరువేరు. మోకాళ్లు నొప్పి పెడుతున్నందుకు మామ్మ పశ్చాత్తాపపడక్కర్లేదు. బెట్టింగు ఆడినవాడు నా మీద ఏదో దురాత్మ పనిచేసిందని చెప్పి చేతులు దులుపుకోడానికీ లేదు.

నేను పాస్టర్‌ని కాదు. సంఘంలో పెద్దగా ఉంటున్నాను. కూడిక అయిపోయి చాపలు చుట్టే వేళకు జనం అసలు మాట బయటపెడతారు. ఆ మాటలు చాలా విన్నాను. మీరు క్రైస్తవ ఇంట్లో పుట్టినా, మొన్ననే ఎవరో పిలిస్తే తొలిసారి చర్చి గడప తొక్కినా కింద రాసింది మీకు పనికొస్తుంది. వారంలో తేలిపోయే పని మాత్రం కాదు. అలా తేలుస్తామని పోస్టర్లు వేసేవాళ్ల గురించి తర్వాత చెబుతాను.

ముందు కాగితం తీసుకోండి

ఇంట్లో అందరూ పడుకున్నాక ఒక తెల్లకాగితం మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు "నేను చేసింది" అని, కుడివైపు "నా మీద పడింది" అని రాయండి. గుండెలో బరువుగా ఉన్న ప్రతిదాన్నీ ఏదో ఒక వైపు పెట్టండి.

మిర్చి యార్డు సంగతి తెలిసినవాళ్లకు ఇది ఎందుకో విడమరచక్కర్లేదు. రంగు పోయిన తాలుకాయ, మంచి ఎర్రకాయ కలిపి ఒకే టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, తొక్కితే వ్యాపారి మొత్తానికీ తాలు రేటే కడతాడు. అందుకే కల్లంలో ఆడవాళ్లు కూర్చుని ఎండలో కాయ కాయా ఏరతారు. పాపాన్నీ కష్టాన్నీ కలిపేసుకున్నవాడి బతుకంతా పాపం రేటుకే పోతుంది. పిల్లాడికి జ్వరమొస్తే నా పాపమే, తుఫానుకు అరటితోట పడితే నా పాపమే అంటాడు. అసలు చేసిన తప్పు ఆ గుంపులో ఎక్కడో కనబడకుండా పోతుంది.

పుట్టుగుడ్డివాణ్ణి చూపించి శిష్యులు యేసును అడిగింది ఇదే: పాపం చేసింది వీడా, వీడి తల్లిదండ్రులా? ఇద్దరూ కాదన్నాడాయన. యోహాను సువార్త 9వ అధ్యాయం అక్కడే మొదలవుతుంది. లూకా 13లో ఇంకా గట్టిగా చెప్పాడు. రోమా అధిపతి పిలాతు కొందరు గలిలయుల్ని బలి ఇస్తుండగానే చంపించాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది పోయారు. వాళ్లు మిగతావాళ్లకంటే పెద్ద పాపులనుకుంటున్నారా అని అడిగి, కాదని ఆయనే జవాబిచ్చాడు. ఆ వెంటనే వింటున్నవాళ్ల వైపు తిరిగి, మీరు మారుమనస్సు పొందండి అన్నాడు. చచ్చిపోయినవాళ్ల కుడివైపు గళ్లను ఎడమవైపు రాయొద్దు, మీ ఎడమవైపు మీరు చూసుకోండి అన్నట్టు.

1991 ఆగస్టులో తెనాలి దగ్గర చుండూరులో దళితుల్ని చంపారు. అలాంటి చోట పోయినవాళ్ల పాపమేమిటని వెతకడం వాక్యానికే విరుద్ధం. ఆ లెక్క చంపినవాళ్లది. కులం పేరుతో మీరూ మీ తాతలూ పడ్డ అవమానం కుడివైపు రాయండి, ఎంత ఉంటే అంతా.

కొన్ని గీత మీద పడతాయి. తాగి తాగి లివరు పాడైంది: తాగడం ఎడమవైపు, జబ్బు కుడివైపు. కౌలుకీ పురుగుమందుకీ చేసిన అప్పు కుడివైపు. అందులోంచి తీసి ఐపీఎల్ మీద పెట్టింది ఎడమవైపు. పాపానికీ కష్టానికీ ఎప్పుడూ సంబంధమే లేదని బైబిలు అనదు. బేతెస్ద కోనేటి దగ్గర బాగుపడినవాడితో, ఇక పాపం చేయకు, ఇంతకంటే కీడు కలుగుతుందేమో అన్నాడు యేసు. అందుకే ఒక్కో సంగతినీ విడిగా చూడమంటున్నాను. ఎటు రాయాలో తోచనిదాని పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి.

ఎడమవైపుది పేరు పెట్టి చెప్పండి

మన ప్రార్థనల్లో "నేను ఘోరపాపిని ప్రభువా, మట్టిని ప్రభువా, ధూళిని ప్రభువా" అనే ధోరణి ఒకటుంది. వినడానికి వినయంగా ఉంటుంది. దానివల్ల ఒక సౌకర్యం కూడా ఉంది: ఏ పాపమో చెప్పక్కర్లేదు. రెండు ప్రార్థనలు పక్కపక్కన పెట్టి చూడండి.

"ప్రభువా, నేను డబ్బు విషయంలో బలహీనుణ్ణి, నన్ను క్షమించు."

"ప్రభువా, మార్చిలో మా అమ్మ గొలుసు తాకట్టు పెట్టి ఆ డబ్బు క్రికెట్ మీద పెట్టాను. బ్యాంకు లాకర్లో ఉందని మా ఆవిడకు చెప్పాను. ఇప్పటికి రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ అదే అబద్ధం చెప్పాను."

రెండోది చెప్పేటప్పుడు గొంతు పట్టేస్తుంది. పరాయివాడి భార్యను తెచ్చుకుని అతణ్ణి చంపించిన దావీదు రాజు కూడా నాతాను ప్రవక్త వచ్చి "ఆ మనుష్యుడవు నీవే" అనేదాకా నోరు విప్పలేదు. అలా నోరు మూసుకున్నవాడికి ఎముకలు ఎలా క్షీణిస్తాయో 32వ కీర్తన చెబుతుంది. నాతాను వచ్చి వెళ్లాక పాడిందని 51వ కీర్తన పైనే రాసి ఉంది. అందులో "దేవా, నాయందు శుద్ధహృదయము కలుగజేయుము" అనే మాట చర్చికి వెళ్లే ప్రతి ఒక్కరికీ కంఠతా వచ్చు. ఆ మాట వెనక ఒక ఆడమనిషి ఇల్లు కూలడం, ఆమె మొగుడి హత్య ఉన్నాయన్నది మాత్రం పాడేటప్పుడు గుర్తుండదు.

నోటితో చెప్పడం కుదరకపోతే రాయండి. మోకాళ్ల మీద కూర్చోలేకపోతే కుర్చీలో కూర్చోండి. గ్రాంథిక భాష రాకపోతే ఇంట్లో మాట్లాడే భాషే మాట్లాడండి. ఆయనకు కృష్ణా జిల్లా యాస కూడా అర్థమవుతుంది. చెప్పేటప్పుడు కారణాలు కలపకండి. "మా ఆవిడ సరిగ్గా చూసుకోలేదు కాబట్టి" అని మొదలయ్యేది ఒప్పుకోలు కిందికి రాదు, అది ఫిర్యాదు. ఫిర్యాదుకు కుడివైపు చోటుంది.

యేసు చెప్పిన కథలో తప్పిపోయిన కుమారుడు పందుల దగ్గర కూర్చుని తండ్రికి చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకున్నాడు: పాపం చేశాను, నీ కొడుకునని అనిపించుకోడానికి తగను, నన్ను కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో. లూకా 15లో ఆ మాటలు రెండుసార్లు వస్తాయి, పోల్చి చదవండి. రెండోసారి, తండ్రి మెడమీద పడి ముద్దుపెట్టుకున్నాక, కూలివాడి మాట కొడుకు నోట్లోంచి రాలేదు. ఈలోపే ఆ పెద్దాయన ప్రశస్త వస్త్రం తెమ్మని పనివాళ్లకు కేకేశాడు.

ఒక్క మనిషికి చెప్పండి

దేవుడికి చెప్పాక మనిషికెందుకు అంటారు కొందరు. యాకోబు పత్రిక 5:16 "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అంటుంది. అనుభవంలోనూ తేడా తెలుస్తుంది: దాచిన పాపానికి ఉండే బలంలో సగం దాచడం వల్ల వచ్చిందే.

మీరు ఏ సంఘంవారన్నదాన్ని బట్టి దారి ఉంటుంది. కతోలికులైతే మీకు పాపసంకీర్తనం, అంటే ఫాదర్ గారికి ఏకాంతంగా పాపాలు చెప్పుకోవడం, ఉంది. ఫాదర్ గారు అక్కడ విన్నది ఎవరికీ, ఏ పరిస్థితిలోనూ బయటపెట్టడానికి వీల్లేదు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల మాత తిరునాళ్లకు కొండెక్కేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు. మొక్కు తీర్చుకుని దిగిపోయే కతోలికులకు నా మనవి ఒకటే: పాపసంకీర్తనానికి కూడా వెళ్లి దిగండి. లూథరన్ సంఘం 1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టినప్పటి నుంచీ ఇక్కడ ఉంది. వాళ్ల ఆదివారపు ఆరాధనలో మొదట్లోనే అందరూ కలిసి పాపాలు ఒప్పుకుంటారు, అయ్యగారు క్షమాపణ ప్రకటిస్తారు. ఏకాంతంగా చెప్పుకోడాన్ని ఆ సంఘానికి మూలమైన లూథర్ కూడా తీసేయలేదు. ఎవరూ వాడుకోక మరుగున పడింది, అంతే. "అయ్యగారూ, ఒక అరగంట విడిగా మాట్లాడాలి" అంటే చాలు. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), బాప్టిస్టు, పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలవాళ్లు కూడా పాస్టర్ గారినో, వయసు మళ్లిన నమ్మకమైన విశ్వాసినో అడగొచ్చు. ఆడవాళ్లు ఆడవాళ్లకే చెప్పుకోండి. పాస్టరమ్మగారు సరిపోతే ఆవిడకు, లేదంటే సంఘంలో నిదానస్తురాలైన మరో అమ్మకు.

మనిషిని ఎలా ఎంచుకోవాలి? ఆయన మీ దగ్గర వేరేవాళ్ల గుట్టు ఎప్పుడైనా విప్పాడేమో గుర్తు చేసుకోండి. విప్పితే మీదీ విప్పుతాడు. మన సంఘాల్లో గుట్టు బయటికి పోయే దారి "ప్రార్థన అంశం". "ఫలానా సహోదరుడి కోసం భారంగా ప్రార్థించండి, వివరాలు అడగొద్దు" అని ఒక అమ్మ అంటే, సాయంత్రానికి వివరాలు పేట చివరిదాకా వెళ్తాయి. వాట్సాప్ గ్రూపులో అసలు పెట్టకండి. సాక్ష్యం చెప్పమని మైకు చేతికిచ్చినా కొన్నాళ్లపాటు వద్దనండి. నిన్న ఒప్పుకున్నదాన్ని ఇవాళ వేదిక మీద చెబితే చప్పట్లు వస్తాయి. ఆ చప్పట్లకు అలవాటుపడితే అది ఇంకో సమస్య.

ఇక్కడ ఒక హెచ్చరిక. చిన్నపిల్లల మీద లైంగిక దాడి లాంటిది జరిగితే దాన్ని సంఘంలో కూర్చుని సర్దుబాటు చేసే హక్కు ఏ పాస్టర్‌కూ, ఏ పెద్దకూ లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. "క్షమించేయండమ్మా, సాక్ష్యం పాడవుతుంది" అన్నవాళ్ల మాట వినకండి.

క్షమాపణ తీసుకోండి, డబ్బు ఇవ్వకండి

క్రైస్తవ విశ్వాసం చెప్పే అసలు సంగతి ఇక్కడుంది. మీరు కాగితం మీద రాసిన ఎడమవైపంతా యేసు సిలువ మీద తన మీద వేసుకున్నాడని, మూడో రోజున లేచాడని, ఆయన్ని నమ్మి వచ్చినవాడి మీద ఆ లెక్క ఇక ఉండదని సువార్త. "కాబట్టి యిప్పుడు క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు" అని రోమా 8:1. "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల, ఆయన నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక ఆయన మన పాపములను క్షమించి సమస్త దుర్నీతినుండి మనలను పవిత్రులనుగా చేయును" అని మొదటి యోహాను 1:9. ఆ రెండో వాక్యాన్ని మెల్లగా చదవండి. మనకు ఎలా అనిపిస్తుందన్న మాట అందులో ఎక్కడా లేదు. ఒప్పుకున్న రాత్రి కన్నీళ్లు రాకపోవచ్చు, ఒళ్లు తేలిక పడకపోవచ్చు. క్షమాపణ వచ్చిందా లేదా అన్నది ఆయన నమ్మదగినవాడన్నదాని మీద ఆధారపడి ఉంది.

ఒకసారి ఒప్పుకున్న పాపాన్ని ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మళ్లీ తవ్వేవాళ్లున్నారు. అదేదో భక్తి అనుకుంటారు. గుర్తొస్తే "ఇది చెప్పేశాను ప్రభువా, వందనాలు" అని దాటేయండి.

ఇక డబ్బు సంగతి. విడుదల ప్రార్థనకు ఇంత, తైలం సీసాకు ఇంత, శాపం తెగడానికి "విత్తనం" ఇంత అని ఎవరైనా అడిగితే లేచి వచ్చేయండి. సమరయలో గారడీవాడు సీమోను డబ్బిచ్చి దేవుని వరం కొనబోతే యేసు శిష్యుడు పేతురు "నీ వెండి నీతోకూడ నశించును గాక" అన్నాడు. సిరియా సేనాధిపతి నయమాను కుష్ఠు పోయి కానుకలివ్వబోతే ఎలీషా ప్రవక్త చిల్లిగవ్వ ముట్టలేదు. వెనకాల పరుగెత్తి రెండు తలాంతుల వెండి, రెండు జతల బట్టలు పుచ్చుకున్న ఎలీషా పనివాడు గేహజీకి ఆ కుష్ఠు అంటుకుంది. సంఘం నడవడానికి కానుక వేయడం వేరు, అది సంతోషంగా వేయండి. అప్పు తెచ్చి వేయమన్నవాడు మాత్రం మీ కుడివైపు ఇంకో గీత గీస్తున్నాడు.

తీసుకున్నది తిరిగి ఇవ్వండి

జనం ఎక్కువగా జారిపోయేది ఈ మెట్టు దగ్గరే. ప్రభువు క్షమించాడు కదా, పాతవి గతించెను కదా అంటారు. సుంకం వసూలు చేసే జక్కయ్య అలా అనలేదు. యేసు తన ఇంట్లో కాలుపెట్టాక లేచి నిలబడి, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆ మాట విన్నాకే యేసు "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్నది.

నాకు తెలిసిన ఒక గుమాస్తా మిర్చి కొట్లో కాటా రాసేవాడు. టిక్కీకి కొంచెం తగ్గించి రాయడం, ఆ తేడా పక్కన పెట్టుకోవడం ఏళ్లతరబడి చేశాడు. ఒప్పుకున్నాక పాత పుస్తకాలు ముందేసుకుని గుర్తున్న రైతుల పేర్లు రాసుకున్నాడు. మొదట సత్తెనపల్లి వైపు రైతు ఒకాయన వస్తే టీ కొట్టు దగ్గర పక్కకు పిలిచి కవరు చేతిలో పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఇదేం డబ్బురా?"

"మీ కాటాలో నేను తగ్గించి రాసింది బాబాయ్. మూడు సీజన్లది. అంచనా వేసి పైన కొంత కలిపాను."

పెద్దాయన కవరు విప్పాడు. వేలు తడుపుకుంటూ నోట్లు లెక్కపెట్టాడు, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. బనీను జేబులో దోపుకున్నాడు.

"మా తోడల్లుడు కూడా ఆ ఏడాది నాతోపాటే తెచ్చాడు కాయ. వాడిది చూశావా?"

"చూస్తాను బాబాయ్."

"చూడు. వాడివి నాకంటే ఎక్కువ టిక్కీలు."

అంతే. కౌగిలింతలు, కన్నీళ్లు ఏమీ లేవు. క్షమించానని కూడా ఆయన అనలేదు. మీ విషయంలోనూ అలాగే జరగొచ్చు. అవతలివాళ్లు తిట్టొచ్చు, కొట్టడానికి రావొచ్చు, మళ్లీ మాట్లాడకపోవచ్చు. తిరిగి ఇవ్వడం వరకే మీ పని. ఒకేసారి ఇవ్వలేకపోతే నెలకింతని చెప్పి, ఆ తేదీకి ఇవ్వండి. మనిషి చనిపోతే పిల్లలకివ్వండి. ఎవరిదో తెలియకపోతే బీదలకివ్వండి.

డబ్బు కానివాటిలో జాగ్రత్త కావాలి. మీ మనసు తేలికపడటం కోసం ఇంకొకరి నెత్తిన బరువు పడేయకండి. వివాహేతర సంబంధం లాంటిది ఉంటే ముందు తెంచండి. భార్యకో భర్తకో ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది మీరు ఎంచుకున్న ఆ పెద్దమనిషితో కూర్చుని తేల్చుకున్నాక నోరు తెరవండి. పాత ప్రేయసికి "క్షమాపణ" చెప్పాలని ఫోన్ నంబరు వెతకడం ఒప్పుకోలు కిందికి రాదని మీకూ తెలుసు.

ఒంటికి పట్టిన అలవాటైతే

రోజూ బాగా తాగేవాళ్లు కూడికలో చెయ్యి పైకెత్తి ఆ రాత్రి నుంచే ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. చేతులు వణకడం, ఫిట్స్, లేనివి కనబడటం లాంటివి రెండు మూడు రోజుల్లో మొదలవుతాయి. అలాంటప్పుడు "దయ్యం బయటికి పోతోంది" అంటూ కూర్చోబెట్టి ప్రార్థన చేసినవాళ్లున్నారు. ఆ మనిషిని అప్పుడు తీసుకెళ్లాల్సింది ఆసుపత్రికి. మానేముందే డాక్టరుకు చూపించుకోండి. గుంటూరు, విజయవాడ ప్రభుత్వాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. మత్తు మానడానికి 14446, మనసు బాగాలేనప్పుడు టెలీ మానస్ 14416, రెండూ ఉచితం. ఆల్కహాలిక్స్ అనానిమస్ కూటాలకూ వెళ్లండి, అక్కడ మతం అడగరు.

మందు వాడితే విశ్వాసం తక్కువైనట్టా? సువార్త రాసిన లూకానే అపొస్తలుడైన పౌలు ప్రియమైన వైద్యుడన్నాడు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఇక్కడి ఆడవాళ్ల కోసం ఆసుపత్రి కట్టింది. ఆమె పేరుతోనే ఇప్పటికీ దాన్ని పిలుస్తాం. ప్రార్థన చేస్తూనే నాడి పట్టింది ఆమె.

మానేశాక ఖాళీ గంటలుంటాయి. మత్తయి 12లో అపవిత్రాత్మ వదిలిపోయిన ఇల్లు ఊడ్చి, అమర్చి, ఖాళీగా ఉంటుంది. అందుకే అది మరో ఏడింటిని వెంటబెట్టుకొస్తుంది. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది వరకూ ఎక్కడ ఉంటారో ముందే తేల్చుకోండి. బెట్టింగు యాప్ తీసేస్తే చాలదు. కొన్నాళ్లు డబ్బు వ్యవహారం భార్య చేతికివ్వండి, ఫోన్ పేతో సహా.

కుడివైపు సంగతి

ఇప్పటిదాకా చెప్పినవేవీ కుడివైపుకు పనికిరావు. అక్కడ ఒప్పుకోడానికేమీ లేదు. అక్కడ చేయాల్సినవి రెండు: ఏడవడం, తోడు తెచ్చుకోవడం.

ఏడవడానికి మాటలు లేకపోతే కీర్తనల గ్రంథం ఇస్తుంది. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని 13వ కీర్తన దేవుణ్ణే నిలదీస్తుంది. 88వ కీర్తన ఇంకా దారుణం. మొరతో మొదలై చీకటిలోనే ఆగిపోతుంది, చివర్లో స్తోత్రం కూడా లేదు. అలాంటి దాన్ని పరిశుద్ధ గ్రంథంలో ఉంచారంటే, అలా ప్రార్థించొచ్చనే కదా. మన కూడికల్లో పాటలన్నీ జయగీతాలే. బిడ్డను పోగొట్టుకున్న తల్లి కూడా చప్పట్లు కొట్టాలి. ఆమెకు 88 చదివి వినిపించండి. మీకే ఆ పరిస్థితి వస్తే చప్పట్లు కొట్టకుండా కూర్చోండి, ఎవరూ ఏమీ అనరు. అంటే అననివ్వండి.

ప్రార్థనకు నోరే పెగలకపోతే మార్కు 2 చూడండి. పక్షవాయువు రోగిని నలుగురు మోసుకొచ్చి, కప్పు విప్పి దింపారు. యేసు "వారి విశ్వాసము చూచి" అని రాసి ఉంది. మంచం మీదివాడు ఏమీ మాట్లాడినట్టు లేదు. మిమ్మల్ని మోసే నలుగురెవరో ఆలోచించండి. పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు స్నేహితులు కూడా ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద కూర్చుని ఒక్క మాటైనా అనలేదు. అంతవరకూ బాగానే ఉన్నారు. నోరు తెరిచాకే నీ పాపమేదో ఉందని మొదలెట్టారు, చివరికి దేవుడి చేత తిట్లు తిన్నారు. మీ ఇంటికొచ్చి ఆ పాట పాడేవాళ్లకు మంచినీళ్లిచ్చి పంపేయండి.

"నా కృప నీకు చాలును" అనే వాగ్దానం జనవరి ఒకటిన తీసిన కార్డు మీద వస్తే సంతోషిస్తాం. పౌలుకు ఆ మాట ఎప్పుడు వచ్చింది? తన శరీరంలో ముల్లులా గుచ్చుతున్న బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నాక, ఆ ముల్లు అలాగే ఉండగా. అంటే కష్టం పోకపోవచ్చు. ఈ మాట చెప్పకుండా "నమ్మితే అన్నీ తీరిపోతాయి" అని మిమ్మల్ని పిలిస్తే అది మోసం. తీరని కష్టంలోనూ ఆయన వదలడన్నదే మా నమ్మకం. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి" అన్నాడు.

తోడు అన్నప్పుడు చట్టం కూడా తోడే. 2015లో విజయవాడలో కాల్‌మనీ, అంటే అధిక వడ్డీల అప్పుల, గొడవ బయటపడినప్పుడు ఖాళీ ప్రామిసరీ నోట్లు, ఖాళీ చెక్కులు అడ్డం పెట్టుకుని ఆడవాళ్లను ఎంత పీడించారో ఊరంతా చూసింది. అలాంటి అప్పులో ఉంటే ఇంకో అప్పు తెచ్చి వడ్డీ కట్టకండి. ఎవరికెంత, ఏ కాగితం మీద సంతకం పెట్టారు అన్నది వరసగా రాసుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, 15100కు ఫోన్ చేసినా సరే. ఆడవాళ్లకూ, ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. సంఘంలో లెక్కలు వచ్చిన ఒకర్ని వెంటబెట్టుకుని వెళ్తే కాళ్లు వణకవు.

మొగుడు కొడుతుంటే "సహించమ్మా, అది నీ సిలువ" అనే మాట ఏ పల్పిట్ మీద నుంచి వచ్చినా తప్పే. యేసు తన సిలువను తనంతట తానే ఎత్తుకున్నాడు. ఎవడో తాగొచ్చి మీ మీద వేసే దెబ్బను సిలువ అనరు. మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేయండి, ప్రాణభయముంటే 112. పుట్టింటికో, నమ్మకమైన ఇంటికో వెళ్లాక ప్రార్థన చేసుకోవచ్చు. ఆయన్ని క్షమించడమంటే మళ్లీ ఆ ఇంట్లోకి వెళ్లడమే అని ఎవరూ ఒప్పించనీకండి.

బాప్తిస్మం, బల్ల

వేరే మతం నుంచి వస్తున్నవాళ్లు తొందరపడకండి. ఒక సువార్త పూర్తిగా చదవండి. మార్కు చిన్నది, 16 అధ్యాయాలే. ఇంట్లోవాళ్లకు మీరే చెప్పండి, బయటివాళ్ల నోట విననీయకండి. ఎస్సీలైతే ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే. క్రైస్తవం పుచ్చుకుంటే ఆంధ్రలో బీసీ-సీ కిందికి వస్తారు. ఇది న్యాయమా అన్నది వేరే చర్చ. నా మటుకు నాకు న్యాయమనిపించదు. కానీ తెలియకుండా నీళ్లలో దిగి తర్వాత మోసపోయామనుకోకూడదు.

బాప్తిస్మం పొందినవాళ్లు రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభువు బల్లకు దూరంగా ఉండకండి. "యోగ్యుణ్ణి కాదు" అని ఏళ్లతరబడి వెనక వరుసలోంచే వెళ్లిపోయేవాళ్లున్నారు. యోగ్యులకే అయితే యేసు రొట్టె విరిచిన ఆ మొదటి రాత్రి పన్నెండుగురు శిష్యుల్లో ఎవరికి రొట్టె దొరికేది?

మళ్లీ పడితే

పడతారు. అందరూ కాదు, కానీ చాలామంది. పడిన రాత్రి మనసు చెప్పేది ఎప్పుడూ ఒకటే: ఇంకేం మొహం పెట్టుకుని వెళ్తావు, ఈ ఆదివారం మానేయ్. మానేస్తే రెండు ఆదివారాలు, తర్వాత పండగలకే. పేతురు ఒక్క రాత్రిలో మూడుసార్లు యేసును ఎరగనన్నాడు, ఒట్టు కూడా పెట్టుకున్నాడు. తర్వాత తిబెరియ సముద్రం ఒడ్డున యేసు బొగ్గుల మీద చేపలు కాల్చి, ముందు తిండి పెట్టి, ఆ తర్వాత మూడుసార్లు "నన్ను ప్రేమించుచున్నావా" అని అడిగాడు. ప్రతి జవాబుకూ ఒక పని అప్పజెప్పాడు.

పడిన రాత్రే, పడుకోకముందే, మీరు గుట్టు చెప్పుకున్న ఆ ఒక్క మనిషికి ఫోన్ చేయండి. తెల్లారాక అనుకుంటే తెల్లారాక ఇంకో కారణం దొరుకుతుంది. ఏం జరిగింది, ఎంత పోయింది, ఎవరికి అబద్ధం చెప్పారు, ఈ మూడూ చెబితే చాలు. ఆయన ఫోన్ ఎత్తకపోతే "పడ్డాను అన్నా, రేపు పొద్దున్నే వస్తాను" అని మెసేజ్ పెట్టండి. పొద్దున్నే వెళ్లండి.